పరిగెత్తే చెవికి పాతిక వేలు అవసరమా?

ఇయర్‌ఫోన్ల ధరల గురించి వాదించుకునేవాళ్లు ముందు చూడాల్సిన పరిశోధన పత్రం ఒకటుంది. చిన్నదే. 2017లో అమెరికన్ ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో యెరూన్ బ్రేబార్ట్ అనే డచ్ పరిశోధకుడు రాశాడు. చెవిలో దూర్చుకునేవి, చెవి మీద ఆనించుకునేవి, చెవినంతా కప్పేసేవి కలిపి 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకున్నాడు. ఏ స్థాయి శబ్దాన్ని ఒక్కొక్కటి ఎంత బలంగా పలికిస్తోందో గీతలు గీసి, వాటి పక్కన ధరలు పెట్టి చూశాడు. ఆ రెంటికీ పొంతన కుదరలేదు.

మనిషి చెవికి వినబడేది 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా. డప్పు గుమకం ఈ పరిధికి కింది కొసన, తాళాల గలగల పై కొసన ఉంటాయి. ఏది ఎంత పాళ్లలో వినిపించాలన్నదే హెడ్‌ఫోన్ తయారీలో అసలు విద్య. వినేవాడికి మంచీ చెడ్డా మొదట తెలిసేదీ అక్కడే. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం, పేరూ ధరా తెలియనివ్వకుండా జనానికి వినిపించి, ఎక్కువమందికి నచ్చే పాళ్లు ఏమిటో ఏళ్ల తరబడి పరీక్షించి తేల్చింది. ఆ ఫలితం తాళం వేసి దాచిన రహస్యమేమీ కాదు, అచ్చయి అందరికీ అందుబాటులో ఉంది. రెండు వేల రూపాయల సరుకు చేసేవాడూ దాన్ని చూసి తన డ్రైవర్‌ని, అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకరుని, సర్దుకోవచ్చు. చాలామంది సర్దుకుంటున్నారు కూడా.

అయితే ఇలాంటి కొలతలన్నీ కదలని కృత్రిమ చెవి మీద తీసేవి. ఆ చెవికి చెమట పట్టదు, దవడ ఆడదు, వెనక నుంచి ఆటో రాదు. పరుగు కోసం కొనేవాడి లెక్క వేరుగా ఉండాల్సింది ఇందుకే. ఖరీదైన బడ్స్‌లో మనం డబ్బు పోసి కొనుక్కునే సుఖాల్లో సగం రోడ్డెక్కగానే అక్కరకు రాకుండా పోతాయి. రోడ్డు మీద నిజంగా కావలసినవేమో అంత ఖరీదైనవి కావు.

మొదటిది, చెవిలో కుదురుగా కూర్చోవడం. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, దాని చివర కర్ణభేరి. బయటివైపు గోడ మెత్తని మృదులాస్థి, లోపలివైపు ఎముక. రబ్బరు టిప్ ఆ గొట్టం మూతిని బిగించి మూస్తే లోపల చిక్కే గాలి చాలా కొద్ది. ఆ కాస్త గాలిని నొక్కి వదలడం చిన్న డ్రైవర్‌కి కూడా పెద్ద పని కాదు. అంత చిన్న బడ్ నుంచి అంత గట్టి బేస్ రావడం వెనక ఉన్నది ఇంతే. ఒక్క సన్నని సందు దొరికిందంటే బేస్ అటునుంచి జారిపోతుంది. నిదానంగా కంపించే శబ్దానికి ఆ సందులోంచి గాలిని బయటికి తోసే తీరుబడి ఉంటుంది, వేగంగా కంపించే ట్రెబుల్‌కి ఉండదు. దాంతో సరిగ్గా కూర్చోని పాతిక వేల బడ్ కూడా రేకు డబ్బా వాయించినట్టే మోగుతుంది. "ఈ కంపెనీలో బేస్ లేదు" అని తిట్టిపోసేవాళ్లలో ఎందరిది టిప్ సైజు తగాదాయో!

పరుగులో ఈ సందు పదేపదే పడుతుంది. వేగం అందుకున్నాక అందరం నోటితోనే ఊపిరి తీస్తాం. నోరు తెరిచినప్పుడు దవడ కీలు ముందుకి జారుతుంది. ఆ కీలు చెవి గొట్టం ముందుగోడను ఆనుకునే ఉంటుంది కనుక గొట్టం ఆకారమే మారిపోతుంది. నమ్మకం కుదరకపోతే చిటికెన వేలి కొసను చెవిలో ఆనించి నోరు బాగా తెరిచి మూయండి, గోడ కదలడం వేలికి తెలుస్తుంది. దీనికి తోడు చెమట. తడిసిన సిలికాన్ జారుతుంది. నిమిషానికి 170 అడుగుల చొప్పున గంటసేపు పరిగెత్తితే పది వేలకు పైగా కుదుపులు. బడ్ బరువు అయిదారు గ్రాములే అయినా, ఆ బరువు రంధ్రానికి ఎంత దూరంగా వేలాడితే ప్రతి కుదుపూ దాన్ని అంతగా మెలితిప్పి బయటికి లాగుతుంది. చెవి వెనకనుంచి చుట్టే కొక్కెం గానీ, చెవి దొప్ప లోపలి మడతలో ఇరుక్కునే చిన్న రబ్బరు రెక్క గానీ ఉన్న బడ్స్ చూడ్డానికి మోటుగా ఉన్నా పరుగులో నిలబడేది వాటివల్లే. ఆ కొక్కెం ఖరీదు ఎంతని? చౌక రకాల్లోనూ ఉంటుంది, పాతిక వేల నాజూకు రకాల్లో చాలావాటికి ఉండదు.

డబ్బాలో వచ్చే మూడు సైజుల టిప్స్‌లో మధ్యది తొడిగే వస్తుంది. మిగతావి ఆ డబ్బాలోనే ముసలివైపోతాయి. రెండు చెవులూ ఒకే సైజులో ఉండాలన్న నియమం లేదు, కుడికి పెద్దదీ ఎడమకి మధ్యదీ సరిపోయేవాళ్లు ఎందరో. అంతకన్నా ముందు టిప్ వెనకాల ఉన్న జాలీని వెలుతురులో చూడండి. ఒక చెవిలో శబ్దం తగ్గిందని కొత్తవి కొనేవాళ్లలో కొందరికి కావలసింది కొత్త బడ్ కాదు. జాలీలో చేరిన గులిమిని పొడి బ్రష్‌తో తీస్తే సరిపోతుంది.

టిప్ చక్కగా బిగిసిందనుకుందాం. అప్పుడు రెండో బాధ మొదలవుతుంది. ధన్, ధన్, ధన్. పాటలోది కాదది, మీ మడమలది. నేలను తాకిన ప్రతి అడుగూ ఎముకల వెంట తలదాకా పాకి, చెవి గొట్టం బయటివైపున్న మెత్తని గోడల్ని ఆడిస్తుంది. మామూలప్పుడు ఆ శబ్దం తెరిచిన రంధ్రంలోంచి బయటికి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. రంధ్రాన్ని మూసేస్తే పోయే దారి లేక కర్ణభేరి మీదికే మళ్లుతుంది. కింది స్థాయి శబ్దాల్లో ఈ పెరుగుదల 20 డెసిబెల్స్ దాకా ఉండవచ్చు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని "ఊ" అంటే మన గొంతు మనకే బావిలోంచి వచ్చినట్టు వినిపించడానికీ ఇదే కారణం. వినికిడి యంత్రాలు కొత్తగా పెట్టుకున్న పెద్దవాళ్లు తమ గొంతు తమకే గుయ్యిమంటోందని విసుక్కునేదీ దీని గురించే. ఆ యంత్రాల టిప్స్‌కి సన్నని రంధ్రాలు పెట్టేది ఈ మోతకు దారివ్వడానికే.

చిక్కు ఇక్కడుంది. మూత ఎంత గట్టిగా పడితే బేస్ అంత బాగుంటుంది, మడమల మోతా అంత పెరుగుతుంది. లోపలివైపు చిన్న మైకు పెట్టి ఈ మోతను కొంత అణిచే ఏర్పాటు కొన్ని ఖరీదైన బడ్స్‌లో ఉంది. కొంతే. మిగతాది శరీర నిర్మాణం, దానికి ఈఎంఐ సౌకర్యం లేదు.

నాయిస్ క్యాన్సిలేషన్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పాతిక వేల రకాలు అమ్ముడుపోయేది ప్రధానంగా దాని పేరు మీదే. 1978లో జూరిక్ నుంచి బోస్టన్ వెళ్లే విమానంలో, ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజను హోరు తప్ప పాట వినపడక విసిగిన అమర్ బోస్ అక్కడే కూర్చుని లెక్కలు వేశాడు. బ్రిటిషువాళ్ల మీద పోరాడి అమెరికా వెళ్లిపోయిన బెంగాలీ విప్లవకారుడి కొడుకాయన, ఎంఐటీలో ప్రొఫెసర్. బయటి హోరును మైకుతో పట్టి, దానికి సరిగ్గా తలకిందులైన అలను చెవిలోకి వదిలితే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయన్న సూత్రం అంతకు ముందే ఉంది. పాల్ లూగ్ అనే జర్మన్‌కి 1936లోనే అమెరికాలో పేటెంటు దక్కింది. దాన్ని తలకు తగిలించుకునే వస్తువుగా మార్చడానికి బోస్‌కి ఏళ్లు పట్టింది. 1986లో ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిన వోయేజర్ విమానంలో పైలట్లు వాడినవి ఆయన సంస్థ తయారుచేసిన నమూనాలే.

అది విమానం కోసం పుట్టిన విద్య అన్నది గుర్తుంచుకోవాలి. గంటల తరబడి ఒకే శ్రుతిలో సాగే కింది స్థాయి హోరును అద్భుతంగా చెరిపేస్తుంది. హఠాత్తుగా మోగే హారన్‌నీ, మొరిగే కుక్కనీ అంతగా చెరపలేదు. ఇక పరిగెత్తేవాడి చెవి పక్కన వీచే గాలి బయటి మైకు రంధ్రాల మీద సుడి తిరుగుతుంది. మైకు దాన్నీ శబ్దమనుకుని బరబరమని లోపలికి చేరవేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రపు గాలికి ఎదురు పరిగెత్తి చూసినవాళ్లకి ఈ బరబర కొత్త కాదు. ఈ లోటుపాట్లన్నీ సరిచేశారే అనుకున్నా, రోడ్డు మీద నిశ్శబ్దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం ఏం తెలివి?

ప్రమాదమనగానే చాలామంది చెప్పే ఉపాయం ఒకటుంది. ఒక చెవికే పెట్టుకుని రెండోది ఖాళీగా ఉంచడం. వినడానికి బాగుంది గానీ చెవులు పనిచేసే తీరుకి సరిపోదు. కుడిపక్క నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త బలహీనంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంతంటే మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. అంత చిన్న తేడాను పసిగట్టి మెదడు దిక్కు చెబుతుంది. ముందూ వెనకా తేడా చెప్పేది చాలావరకు చెవి దొప్ప మడతలు. ఒక చెవిని పాటతో మూసేస్తే బైకు వస్తోందని తెలుస్తుంది, ఏ పక్క నుంచో చటుక్కున తెలియదు. మన రోడ్ల మీద, రాంగ్ రూటులో ఎదురొచ్చే బండ్ల మధ్య, కావలసింది ఆ రెండో సమాచారమే. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక ఆ మాత్రం చప్పుడూ తగ్గింది.

బయటి శబ్దాన్ని మైకులతో పట్టి లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ మంచి రకాల్లో చాలా సహజంగా ఉంటుంది, చౌకవాటిలో ఎక్కువగా గరగరే. డబ్బు తేడా నిజంగా తెలిసే చోట్లలో ఇదొకటి. అయితే గాలి వీస్తే దానికీ పైన చెప్పిన జబ్బే. దానికన్నా చెవి రంధ్రాన్ని మూయని రకం తిన్నని దారి. వాటిలో రెండు తెగలు. ఒకటి, చెవికి కొక్కెంలా తగిలి రంధ్రం దగ్గర చిన్న స్పీకరు వేలాడదీసేది. రెండోది, చెవి ముందు చెంప ఎముక మీద ఆని పుర్రెను సన్నగా కంపింపజేసి, కర్ణభేరిని దాటవేసి శబ్దాన్ని లోపలి చెవికి చేర్చే బోన్ కండక్షన్ రకం. షాక్స్ కంపెనీ పేరు పరుగుల గుంపుల్లో వినబడేది దీనివల్లే. బేస్ పల్చగా ఉంటుంది, శబ్దం పెంచితే చెంప జిలజిలలాడుతుంది. చెవి తెరిచే ఉంటుంది కనుక మడమల మోత లేదు, మాట వినిపిస్తుంది, చెమట చేరి చెవిలో దురద పుట్టే అవకాశం కూడా తక్కువ. బ్రిటన్‌లో వాహనాలను పూర్తిగా ఆపని రోడ్ల మీద జరిగే పందేల్లో మామూలు ఇయర్‌ఫోన్లను నిషేధించి ఈ రకానికి మినహాయింపు ఇచ్చారు.

అలాగని బోన్ కండక్షన్ రకాన్ని చెవికి క్షేమకరమని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. శబ్దం ఏ దారిన వచ్చినా చివరికి చేరేది లోపలి చెవిలోని అవే సున్నితమైన కణాలకు. తెరిచిన చెవికి ఇంకో గండం కూడా ఉంది. బంజారాహిల్స్‌లో ట్రాఫిక్ మొదలయ్యాక పరిగెత్తే మనిషి చుట్టూ రొద 75 డెసిబెల్స్ ఉందనుకుందాం. పాట వినపడాలంటే దాన్ని మించి పెంచాలి. చెవిని మూసే టిప్ అయితే బయటి రొదలో చాలా భాగాన్ని అదే ఆపుతుంది, తక్కువ శబ్దంతో సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. మూడు డెసిబెల్స్ పెరిగితే చాలు, గడువు సగానికి పడిపోతుంది. రోజుకి గంట పరిగెత్తేవాడు 90 దగ్గర పెట్టుకుంటే గురువారానికే కోటా పూర్తి, ఆఫీసు ఫోన్లూ రాత్రి సినిమాలూ ఇంకా లెక్కలోకి రాకుండానే. రొద ఎక్కువ ఉన్నచోట తెరిచిన రకం చెవిని కాపాడదు, మూసిన రకం ప్రాణాన్ని కాపాడదు. అలాంటి రోడ్డు మీద పాట ఆపేయడమే నాకు తోచిన దారి. కేబీఆర్ పార్కు లోపలో, ఉదయం వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డులోనో ఈ తంటా లేదు.

ఇంతకీ పాట వింటే పరుగు బాగుపడుతుందా? పడుతుంది. ఈ సంగతి ఇయర్‌ఫోన్లకన్నా పాతది. న్యూయార్క్‌లో ఆరు రోజుల సైకిల్ పందెం జరుగుతుంటే లెనార్డ్ అయర్స్ అనే ఆయన గడియారం పట్టుకుని చూసి 1911లో రాశాడు. బ్యాండు మేళం వాయిస్తున్నంతసేపూ పందెగాళ్ల సగటు వేగం గంటకి 19.6 మైళ్లు, మేళం ఆగితే 17.9. లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కారాజార్జిస్ దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నాడు. ఓ మోస్తరు వేగంలో పాట అలసట తెలియనివ్వదు, నిమిషానికి 120 నుంచి 140 దరువులున్న పాటలు బాగా పనికొస్తాయి. ఊపిరి అందనంత వేగంలోకి వెళ్లాక మాత్రం ఒళ్లు పెట్టే గోల ముందు పాట వినిపించదు. పోటీలో గెలుపు కోసం పరిగెత్తేవాళ్లను ట్రాక్ మీద ఇవి పెట్టుకోనివ్వకపోవడానికి కారణాల్లో ఈ ఊతమూ ఒకటి. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, పని చేసేది దరువూ లయా. వీణ తీగ మీద వేలి గీత వినిపించేంత సూక్ష్మత కాదు. ఆ సైకిళ్లవాళ్లు విన్నది జనం కేకల మధ్య దూరం నుంచి వచ్చిన మేళం.

ఇదే కారణంగా, పాటను కుదించి పంపే బ్లూటూత్ కోడెక్‌ల పేర్లు చూసి అదనంగా డబ్బు పెట్టడం పరుగు వరకు దండగ. సెకనుకి 990 కిలోబిట్లు పంపే ఎల్‌డాక్ గొప్పదే, నిశ్శబ్దమైన గదిలో. రోడ్డు రొద ఆ తేడాను మింగేస్తుంది. ఆరుబయట పాట తెగి తెగి వస్తుంటే కారణం తరచుగా మన ఒళ్లే. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మనిషి ఒంట్లో సగానికి పైగా నీరే. గదిలో అయితే గోడల మీద పడి తిరిగొచ్చే తరంగాలు ఆదుకుంటాయి, మైదానంలో ఆ గోడలు లేవు. ఫోన్ జేబు మార్చి చూడండి.

చెమట దగ్గరికి వద్దాం. డబ్బా మీద ఐపీఎక్స్ 4, 5, 7 అని ఉంటుంది. 4 అంటే ఏ వైపు నుంచి చిలకరించినా తట్టుకుంటుంది. 5 అంటే నిమిషానికి 12.5 లీటర్ల పైపు ధారను తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఎక్స్ ఉన్నచోట ఉండాల్సింది దుమ్ము అంకె, ఆ పరీక్ష చేయలేదని దాని అర్థం. పరుగుకి 4 కనీసం, 5 ఉంటే నిశ్చింత. 7 తీసుకుంటే ఒరిగేది పెద్దగా లేదు. పైగా మునకను తట్టుకున్నది ధారనూ తట్టుకోవాలని లేదు, అవి వేర్వేరు పరీక్షలు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పరీక్షలు మంచినీళ్లతో చేసేవి. చెమటలో ఉప్పుంది, కాస్త ఆమ్లగుణం ఉంది. తడి బడ్స్‌ని అలాగే ఛార్జింగ్ కేసులో పడేస్తే, ఆ ఉప్పునీటి పొర గుండా కరెంటు ప్రవహించి లోహపు పిన్నులను తినేస్తుంది. "నాలుగు నెలలకే ఛార్జ్ ఎక్కడం మానేసింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనకున్న రసాయనశాస్త్రం ఇది. కేసుకి బడ్స్‌కున్నంత రక్షణ సాధారణంగా ఉండదు. మెత్తని గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనిచ్చి అప్పుడు పెట్టాలి. విశాఖలో అయితే ఆ కాసేపు కాస్త ఎక్కువసేపే.

ఇక ధర. పాతిక వేల జతలో అదనంగా దొరికేవి నిజమైనవే. మెరుగైన నాయిస్ క్యాన్సిలేషన్, సహజమైన ట్రాన్స్‌పరెన్సీ, ఫోన్‌లో మన గొంతు అవతలివాళ్లకి స్పష్టంగా వినిపించే మైకులు. వాటితో ఆఫీసు మీటింగులూ విమాన ప్రయాణాలూ కూడా నడిపేవాడికి ఆ డబ్బు గిట్టుబాటు అవుతుంది. పరుగుకి మాత్రమే అయితే కాదు. రెండు రకాల్లోనూ ఉన్నది గోరంత లిథియం బ్యాటరీయే. కొన్ని వందల ఛార్జింగులయ్యాక దాని సత్తువ తగ్గడం మొదలవుతుంది. చాలావాటిలో దాన్ని మార్చే వీలే లేదు. రెండు మూడేళ్లకి పాతిక వేలదీ మూడు వేలదీ ఒకే వయసు ముసలివవుతాయి. పరుగులో ఒకటి జారి మురిక్కాలవలో పడితే ఆ ఒక్కదాని ఖరీదే ఇంకో మంచి జత ఖరీదు కావచ్చు. నన్నడిగితే కొక్కెమో రెక్కో ఉన్నది, తడి చేత్తోనూ నొక్కగలిగే బటన్ ఉన్నది, ఐపీఎక్స్ 5 రకం, రెండు మూడు వేలలో చాలు. రోడ్డు మీదే పరిగెత్తేవాడు చెవి మూయని రకానికి ఇంకాస్త పెట్టవచ్చు, అది దుబారా కాదు. బటన్ ఎందుకంటే, టచ్ మీట చెమట చుక్కకీ వేలికీ తేడా పోల్చుకోలేక పాటలు మార్చేస్తుంటుంది.

దుకాణంలో పాట విని మురిసిపోవడం కన్నా, వీలైతే పెట్టుకుని నోరు బాగా తెరిచి మూయడం, తల గట్టిగా ఊపడం, ఉన్నచోటే పదిసార్లు గెంతడం మంచి పరీక్ష. అమ్మేవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. బిల్లు కట్టేముందు వారంటీ కాగితంలో చెమట గురించీ తడి గురించీ ఏం రాశారో చదవండి. డబ్బా మీద పరిగెత్తే మనిషి బొమ్మ వేసి, లోపలి కాగితంలో తడి వల్ల చెడితే మా బాధ్యత లేదని సన్నక్షరాల్లో రాసే సరుకు కూడా ఉంది.